పంటి గుర్తు

చివరిసారి అది నా పళ్ళ మధ్య ఉంది.
అంతవరకూ ఒట్టేసి చెప్పగలను.

రెండు చేతుల్లో రెండు చీజు చక్రాలు.
గోనెగుడ్డ చుట్టి, తాడు బిగించి,
కార్స్ నుంచి ఒక పగలూ ఒక రాత్రీ
ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను బస్సులో,
బెషిక్తాష్‌లో మా అక్క నాజెందె కొట్టుకి.
ఒక్కొక్కటీ ఏడాది బిడ్డంత బరువు.
ఏడవదు, అంతే తేడా.

ట్రాము గేటుకి కార్డు ఆనించాక
మళ్ళీ జేబులో పెట్టుకునేందుకు ఇంకో చెయ్యి లేక
నోట కరిచాను.
పంటి బిగువున అంటారే, అచ్చంగా అలాగే.
ప్లాస్టిక్కు రుచి, దాని మీద
ఎవరెవరి వేళ్ళదో సన్నటి ఉప్పు.
అప్పుడు ఎవరో దారి అడిగారు.
నన్ను!
నిన్న పొద్దున దిగిన నన్ను!
తెలీదని చెప్పడానికి
నోరు తెరిచి ఉంటాను.

కాదికోయ్ రేవులో చక్రాలు నేల మీద దించి
కోటు జేబులు బయటికి లాగాను.
పొద్దుతిరుగుడు గింజల పొట్టు,
సగం చిరిగిన బస్సు టికెట్టు,
అమ్మ కళ్ళజోడు నంబరు రాసిన చీటీ.
మళ్ళీ అవే జేబులు. మళ్ళీ అదే పొట్టు.

నిన్ననే నింపాను దాన్ని.
చిల్లర తిరిగివ్వని యంత్రం
నా రెండు వందల లీరాల నోటు మింగి
పచ్చగా వెలిగింది.
అక్క ఇల్లు, కళ్ళజోళ్ళ బజారు,
ఒక్కసారి, ఏ పనీ లేకుండా, ఊరికే సముద్రం మీద.
ఇంకా చూడని చోట్లు పోగొట్టుకున్నాను నేను.
డబ్బంటే ఎలాగో సర్దుకుంటాం.

గాజుగదిలో ఇర్ఫాన్ అని బిళ్ళ పెట్టుకున్నాయన
టీ గ్లాసు దించకుండానే అడిగాడు:
"నీ పేరు మీద నమోదు చేయించావా?"
లేదన్నాను.
"పేరు లేని కార్డు గాలిపటమమ్మా.
దారం తెగితే, ఎవరి డాబా మీద పడితే వాళ్ళది."
కొత్తది కొనుక్కోమన్నాడు.
కొత్తవి అయిపోయాయని
ఆయన వెనకాలే అట్టముక్క వేలాడుతోంది.

పటాల గొట్టం భుజానేసుకున్న కుర్రాడొకడు
"వెళ్ళక్కా" అంటూ తన కార్డు ఆనించాడు.
చిల్లర తీశాను. పుచ్చుకోలేదు.
గేటు తెర మీద మిగిలిందెంతో పడుతుంది కదా,
చూడకూడదనుకుంటూనే చూశాను.
పదకొండు లీరాలు.
పొరుగింటి వంటగదిలో
బియ్యం డబ్బా మూత తీసినట్టయింది.

వాడి వంతుకి ఎర్ర దీపం.
నేనూ చక్రాలూ ఇవతల,
వాడూ వాడి గొట్టమూ అవతల,
మధ్యలో మూడు ఇనుప చేతులు.
ఇదంతా మామూలే అన్నట్టు చెవి గోక్కున్నాడు.

వెనకాల చేపల సంచితో ఒక పెద్దావిడ.
"ఊళ్ళో అందరూ ధర్మాత్ములే,
పడవ మాత్రం ఎవరి కోసమూ ఆగదు!"
గొణుక్కుంటూనే తన కార్డు ఆనించి
మోచేత్తో వాణ్ణి లోపలికి నెట్టింది.
తర్వాత మా ఇద్దరి మొహాలూ చూడకుండా
ఎండ ఉన్న వైపు పోయి కూర్చుంది.
చెరో ముక్కా కోసిద్దామని
తాడు విప్పాను గానీ, కత్తి లేదు.
మళ్ళీ ముడేశాను.
కుర్రాడు అప్పటికే నిద్రపోయాడు, నోరు తెరిచి.

ఈ వేళకి అది ఎవరి చేతిలో ఉందో.
నా ఎంగిలిదని తెలీక
ఏ గేటుకి ఆనిస్తున్నారో.
మూలన నాలుగు పళ్ళ గుర్తులుంటాయి,
బొటనవేలికి తగులుతాయి.
కుక్కపిల్ల కొరికిందనుకుంటారేమో.
రెండు చేతులా పనున్న మనిషిదని
అనుకున్నా అనుకోవచ్చు.

ఒకవేళ
దారి అడిగినాయనకే దొరికి ఉంటే
ఈపాటికి చేరే ఉంటాడు.
ఎక్కడికని అడిగాడో
ఇప్పుడు ఎంత తడుముకున్నా గుర్తు రావడం లేదు.